మేడం కప్పిన గది

మా కెమిస్ట్రీ మేడం చనిపోయిన సంగతి నాకు ఫ్లెక్సీ ఆర్డర్‌గా వచ్చింది.

మిర్యాలగూడలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేసే పని నాది. పొద్దున షట్టర్ లేపి సిస్టమ్ ఆన్ చేసేసరికి వాట్సాప్‌లో మేడం ఫోటో ఉంది. ఢిల్లీలో అవార్డు తీసుకున్న నాటి ఫోటో. కింద ఒక రైస్ మిల్లు ఆఫీసు నుంచి మెసేజ్: "శ్రద్ధాంజలి, పెద్ద సైజు, అర్జెంట్." దాని వెనుకనే మిల్లు ఓనర్ ఫోటో, ఆయన కొడుకు ఫోటో, తమ్ముడి ఫోటో, ఇంకా ఎవరెవరో దండం పెడుతున్న ఫోటోలు. కోదాడలో మేడం ఇంటికి ఫోన్ చేశాను. మేడం చెల్లెలు ఎత్తింది. గుండెల్లో నొప్పి అంటే సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయామని, చేరేసరికే అయిపోయిందని చెప్పింది. నేను ఫోన్ పెట్టేసేలోపు మిల్లు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చి పడింది. "తమ్మీ, సార్ వాళ్ల ఫోటోలు పడతలేవు. మేడంది జర చిన్నగ చెయ్యి."

నేను చెయ్యలేదు. మా షాపు సేటు వచ్చి చేశాడు.

ఆ ఫ్లెక్సీలో పట్టని మేడం గురించి ఇది రాస్తున్నాను. మిల్లు పేరు రాయొద్దని, దీన్ని వేసే పత్రిక వాళ్లు ముందే షరతు పెట్టారు. సరే, రాయను. నాకు కావాల్సింది ఆ మిల్లు పేరు కాదు, ఆ మిల్లు వెనుక ఉన్న ఒక గది.

మేడంది కోదాడ. రోజూ బస్సులో వచ్చి పోయేవారు. మాట సగం మాది, సగం కృష్ణ అవతలిది. మేం "వస్త మేడం" అంటే "వస్తావా, వచ్చేశావా, సరిగ్గా చెప్పు" అనేవారు. నేను నిడమనూరు నుంచి వచ్చి డిగ్రీలో చేరిన మొదటి వారం, మేడం క్లాసులోకి వచ్చి పుస్తకం తెరవలేదు. కిటికీ అంచు మీద వేలు రాసి మాకు చూపించారు.

"ఏంటిది?"

"బూడిద మేడం."

"ఎక్కడిది?"

"మిల్లుల కాల్చిన ఊకది."

"ఊకలో కాలగలిగిందంతా కాలిపోయింది. ఇది కాలనిది. దీంట్లో ఏముందో ఈ ఏడాది చూద్దాం."

ఇక్కడి వాళ్లకు ఆ బూడిద కొత్త కాదు. దండెం మీది బట్టలు దులిపి కట్టుకుంటాం, మంచం దులిపి పడుకుంటాం. మేడం అన్నం తినేటప్పుడు ముద్ద నోట్లో పెట్టుకుని టిఫిన్ బాక్సు మూత పెట్టేవారు. నమలడం అయ్యాక మూత తీసి ఇంకో ముద్ద. మాట్లాడుతున్నా, నవ్వుతున్నా, చేయి దానంతట అదే మూత మీదికి పోయేది. మేం వెనుక నుంచి అనుకరించి నవ్వుకునేవాళ్లం. మేడంకు తెలుసు. "నవ్వండి, కానీ నోరు మూసుకుని నవ్వండి, బూడిద పోతుంది" అనేవారు.

నేను అప్పటికే బస్టాండ్ దగ్గర, మీటింగుల దగ్గర దొరికే కరపత్రాలు, చిన్న పుస్తకాలు తెచ్చుకుని అరిగిపోయేదాకా చదివేవాణ్ణి. చదివింది ఎవరో ఒకరి మీద ప్రయోగించకపోతే నిద్ర పట్టేది కాదు. ఒకరోజు క్లాసులో లేచి, సైన్స్ అంతా పెట్టుబడిదారుల చేతిలో పనిముట్టే అన్నాను. మేడం చాక్‌పీస్ కింద పెట్టారు.

"అట్లాగా. మరి నీ చేతిలో ఏముంది?"

వెనుక బెంచీ నుంచి ఎవడో "కరపత్రం మేడం" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. మేడం మాత్రం నవ్వకుండా ఆ కరపత్రం అడిగి తీసుకున్నారు. మర్నాడు తిరిగి ఇచ్చినప్పుడు అందులో 'చేయాలి' అన్న మాట వచ్చిన ప్రతి చోటా ఎర్ర ఇంకుతో గీత ఉంది. "ఇన్ని 'చేయాలి'లు ఉన్నాయి. ఎవరు చేయాలి, దేంతో చేయాలి, ఒక్కదానికీ రాయలేదు. ల్యాబ్ రికార్డు ఇట్లా రాస్తే నేను సంతకం పెట్టను" అన్నారు. ఆ రోజు నాకు ఒళ్లు మండింది. ఆ గీతలు నా బుర్రలోంచి ఇప్పటికీ పోలేదు.

సెలవులొస్తే మేడం హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కు పోయేవారు. అక్కడి సార్లతో కలిసి ఆ ఊక బూడిదలోని సిలికాతో ఒక పలక తయారుచేశారు. బూడిద రంగు, థర్మాకోల్ అంత తేలిక. కింద మంట పెడితే పైన అరచేయి పెట్టుకోవచ్చు. వానకు కరగదు, నిప్పుకు అంటుకోదు. మా ఊపిరితిత్తుల్లోకి పోయే చెత్త మా నెత్తి మీద నీడ అవుతుందని మేడం లెక్క. ఆ పలకకే, కొత్త పదార్థాల పరిశోధనకు దేశంలో ఇచ్చే పెద్ద సైన్స్ అవార్డు వాళ్ల బృందానికి వచ్చింది. పేపర్లో ఫోటో పడింది. ఢిల్లీ నుంచి వచ్చిన మర్నాడే మేడం కోదాడ బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ వచ్చి మా రికార్డులు అడిగారు. మేం లేచి చప్పట్లు కొట్టాం.

"కూర్చోండి. అవార్డు పలకకు వచ్చింది. ఆ పలక ఇంకా ఒక్క ఎండాకాలం కూడా చూడలేదు. ల్యాబులో ఎండ ఉండదు" అన్నారు.

మేడం ఈ ఊరిని అడిగింది అదొక్కటే. మనుషులు కాపురముండే ఒక రేకుల ఇల్లు, దాని మీద ఈ పలకలు, ఒక ఎండాకాలం. బూడిద పుట్టే చోటే వేసి చూడాలని మిల్లు ఓనర్ దగ్గరికి పోయి, నమూనాకు ఒక పెద్ద పలక ఇచ్చి, కూలీల క్వార్టర్ల మీద వేయించండి అని అడిగారు. ఓనర్ లేచి నిలబడి దండం పెట్టాడట. "మీరు మా ఊరి గర్వం మేడం. ముందు మీకు సన్మానం చెయ్యనియ్యండి."

సన్మానం చేశారు. ఫంక్షన్ హాలు నిండింది. శాలువాలు కప్పీ కప్పీ మేడం మెడ కనబడకుండా చేశారు. ఆఖర్న జ్ఞాపిక అని నలుగురు మోసుకొచ్చారు. చూస్తే అది మేడం ఇచ్చిన పలకే. దాని మీద మేడం ఫోటో ప్రింటు చేయించి, బంగారు రంగు అంచు కట్టించి, అద్దం బిగించి తెచ్చారు. కింద 'అభినందనలతో' అని, ఓనర్ పేరు.

మేడం దాని మీది అద్దాన్ని వేలితో తట్టి చూశారు. మైకు అడిగారు.

"ఇది ఎండకు ఎండాల్సింది, వానకు తడవాల్సింది. మీరు దీనికి అద్దం వేశారు. గోడకు కొట్టడానికి ఇవ్వలేదండీ నేను. నెత్తి మీద వేయడానికి ఇచ్చాను. వేస్తారా లేదా, ఇక్కడే చెప్పండి."

హాలంతా చప్పట్లు. తిట్టిన తిట్టుకు కూడా చప్పట్లు కొట్టడం ఒక్క మన సన్మాన సభలకే చేతనవుతుంది. ఓనర్ కూడా నవ్వుతూ కొట్టి, మైకు అందుకుని "తప్పకుండా వేయిస్తం, మొత్తం లైనంతా వేయిస్తం" అన్నాడు. వెయ్యిమంది ముందు అన్న మాట. వీడియో ఉంది.

వేయించలేదు. ఎండాకాలం నెత్తి మీదికి వచ్చింది. ఇగ లాభం లేదని మేడం హైదరాబాద్ ల్యాబ్‌లో మిగిలిన పలకలు తెప్పించి, మా ఫైనలియర్ వాళ్లను వెంటేసుకుని పోయి, ఒక్క గదికి తనే వేయించారు. క్వార్టర్ల లైనులో చివరి గది, ముత్తమ్మది. ముత్తమ్మ పెద్దవూర అవతలి నుంచి వచ్చి ఆ మిల్లులో వడ్లు ఆరబోసే కళ్లం పని చేస్తుంది. కొడుకు హమాలీ. కోడలు అప్పుడు నిండు చూలాలు. మేం పైన బోల్టులు బిగిస్తుంటే ముత్తమ్మ కింద నిలబడి అరిచింది.

"ఓ బిడ్డా, గా పలక మీద పడితే ఎవలు సూస్తరు?"

"పడినా దెబ్బ తగలదమ్మా, దూదంత ఉంటది" అన్నాను.

"దూదే అయితే గాలికి లేవదా?"

మేడం నిచ్చెన పట్టుకుని నవ్వారు. "విన్నావా? నువ్వు మూడేళ్లలో అడగని ప్రశ్న. ఇంకో వరుస బోల్టులు వేయండి."

ఆ మే నెల మధ్యాహ్నాలు మీరు చూసి ఉండాల్సింది. లైనులో ఆడవాళ్లంతా పసిపిల్లల్ని చంకనేసుకుని ముత్తమ్మ గదికి వచ్చేవాళ్లు. కాలు పెట్టే సందు ఉండేది కాదు. మేడం ఆదివారం వచ్చి ఆ సందులోనే కూర్చుని, అందరినీ పేరు పేరునా అడిగేవారు. నిద్ర పడుతుందా, రాత్రి ఎట్లుంది, వాన జల్లుకు చప్పుడు వస్తుందా. కోడలు అక్కడే బాలింత అయింది. మేడం ఢిల్లీ స్టేజీ మీద నవ్విన ఫోటో నా దగ్గర ఉంది, కానీ ఆ గదిలో నవ్విన నవ్వు అది కాదు.

ఎండాకాలం అయిపోక ముందే మిల్లు సూపర్‌వైజర్ ఆ గది చూశాడు. ఆ వారమే ముత్తమ్మ సామాను పక్కనున్న రేకుల గదిలోకి పోయింది. చల్లటి గదిలోకి సూపర్‌వైజర్ బల్ల, తిరిగే కుర్చీ, కంప్యూటర్ వచ్చాయి. మేడం వెంట నేనూ పోయాను. ఆయన ఎంత మర్యాదగా లేచి నిలబడ్డాడో.

"మీ పలక సూపర్ మేడం. ఇదివరకు వేడికి సిస్టం ఊకె బంద్ అయ్యేది. ఇప్పుడు ఒక్కసారి గూడ కాలే."

"సిస్టం కోసం చేయలేదండీ నేను."

"మనిషిదేముంది మేడం, ఏ చెట్టు కింద కూసున్నా నడుస్తది. కంప్యూటర్ని చెట్టు కింద పెట్టలేం కదా."

నేను మీదికి పోబోయాను. మేడం నా చొక్కా పట్టుకున్నారు. బయటికి వచ్చాక నేను అరిచాను, మీ మెత్తదనమే వాళ్లకు బలం అన్నాను, ధర్నా చేద్దాం అన్నాను. మేడం మొహం ఎర్రగా ఉంది. "చెయ్యి. వద్దన్నానా? నువ్వు గేటు ముందు కూర్చో, నేను ఆఫీసులో కూర్చుంటా. ఒకరి పని ఇంకొకరికి అడ్డం కాదు. కానీ ముత్తమ్మను అడిగి కూర్చో. రేపు పని పోయేది ఆమెది, నీది కాదు."

ముత్తమ్మ వద్దంది. ధర్నా జరగలేదు. మేడం మాత్రం కూర్చున్నారు. ఆదివారం ఆదివారం కోదాడ నుంచి వచ్చి మిల్లు ఆఫీసు బయట బెంచీ మీద కూర్చునేవారు. సార్ హైదరాబాద్ పోయిండు, సార్ మీటింగుల ఉన్నడు, సార్ ఇప్పుడే తిన్నడు. టీ ఇచ్చేవాళ్లు. మేడం గ్లాసు మీద అరచేయి మూతగా పెట్టుకుని తాగేవారు. దేశం పిలిచి అవార్డు ఇచ్చిన మనిషి ఒక గది కోసం బెంచీ మీద కూర్చుంది. నాకు ఈ దేశం మీద కోపం ఎందుకని అడిగేవాళ్లు ఆ బెంచీని ఒకసారి ఊహించుకోండి.

నేను డిగ్రీ అయ్యి ఫ్లెక్సీ షాపులో చేరినా మేడం ఆ బెంచీ వదల్లేదు. అట్లా కూర్చుంటూనే, మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి పోయారు.

సంతాప సభ మిల్లు వాళ్లే పెట్టారు. ఆ రోజు పొద్దున నేను ముత్తమ్మ దగ్గరికి పోయి, మీటింగుకు రా అన్నాను.

"మమ్ముల పిలిచిండ్రా?"

"నేను పిలుస్తున్న కదా."

"నువ్వు పో బిడ్డా. మాట్లాడేటోళ్లు పోవాలె గదా. మాకు పనుంది."

నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. దాచుకోను.

సభలో మేడం గురించి ఎంతమంది ఎంత చక్కగా మాట్లాడారో. ఓనర్ కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడేమో, నాకు తెలియదు. మేడం పేరు మీద ప్రతి ఏటా, కొత్త పదార్థాల మీద పరిశోధన చేసే కాలేజీ పిల్లలకు ఒక అవార్డు ఇస్తామని ప్రకటించాడు. బంగారు పతకం అన్నాడు. హాలు మోగింది. నేను లేచాను.

"సార్, అవార్డు తర్వాత ఇద్దురు గానీ, ముత్తమ్మ గది ఎప్పుడు ఖాళీ చేస్తరు?"

"ఎవలు ముత్తమ్మ?" అన్నాడు ఓనర్ పక్కకు తిరిగి. మైకు ఆన్‌లోనే ఉంది.

"మీ కళ్లం ఊడ్చే మనిషి సార్. మేడం కప్పేసిన గది ఆమెది. మీ సిస్టం పెట్టుకున్నరు."

"తమ్మీ, ఇది సంతాప సభ. రాజకీయం వద్దు." ఎవరో భుజం మీద చేయి వేసి, ఎంతో ప్రేమగా, నన్ను తలుపు దాకా నడిపించారు. మా షాపు సేటు తల వంచుకుని కూర్చున్నాడు. సూపర్‌వైజర్ ముందు వరుసలోనే ఉన్నాడు, నా వైపు తిరగలేదు.

ఆ కోపంలోనే మండుటెండలో మిల్లు వెనక్కి నడిచాను. ముత్తమ్మ ముందు నిలబడి, మీరంతా ఇట్లా ఊకె ఉంటే ఎట్లా అని పెద్ద ఉపన్యాసం ఇవ్వాలని దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను.

ఒక్క మాటా అవసరం పడలేదు. బల్ల వాకిట్లో ఉంది. కంప్యూటర్ మీద తడి గుడ్డ కప్పి, వైర్లు శుభ్రంగా చుట్టి బల్ల మీద పెట్టారు. లైనులో ఆడవాళ్లు చాపలు, బిందెలు, మూటలు ఆ గదిలోకి చేరవేస్తున్నారు. మిల్లు పెద్దలంతా హాలులో మేడంను పొగుడుతున్న ఆ కాసేపట్లోనే ముత్తమ్మ ఈ పని పెట్టుకుంది. నన్ను చూసి కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయిందా మీటింగు? ఏమన్నరు?"

"అవార్డు ఇస్తరట."

"ఇయ్యనీ. జర ఆ డబ్బా అందుకో."

"వాళ్లొచ్చి మళ్లీ బయట పడేస్తే?"

"పడేస్తే మళ్ల పెడతం. మేడం కూసోలేదా అన్ని ఆదివారాలు."

డబ్బా అందించాను. లోపల అడుగు పెడితే ఒళ్లు చల్లబడింది. అప్పుడే బయట బండి ఆగిన చప్పుడు. సూపర్‌వైజర్ దిగాడు. జేబుకు ఇంకా మేడం ఫోటో ఉన్న నల్ల బ్యాడ్జి. గదిని చూశాడు, గుమ్మంలో వరుసగా నిలబడ్డ ఆడవాళ్లను చూశాడు. ఎవరూ కదలలేదు. వాకిట్లో పెట్టిన తన తిరిగే కుర్చీ దగ్గరికి నడిచి, కూర్చోబోతూ చేయి ఆనించి, చురుక్కుమంటే వెనక్కి తీసుకున్నాడు. ఎండలోనే నిలబడి ఓనర్‌కు ఫోన్ చేశాడు. అవతల ఎత్తలేదు. సభలో ఇంకా మాట్లాడుతున్నట్టున్నారు. లోపల ముత్తమ్మ కోడలు గోడకు ఆనుకుని, ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని, కళ్లు మూసుకుని ఊపుతోంది.