గంగారాం మామ చెయ్యి తప్పలేదు

గోకుంద మెకానిక్ గంగారాం గారు దివంగతులై నేటికి పదిహేను రోజులు. ఆ వార్త చేరిన వేళ నేను మా నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్‌లోని నా షెడ్డులో ఒక జీపు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఫోను మోగింది. చేతుల నిండా గ్రీజు, ఎత్తలేదు. మళ్ళీ మోగింది. మూడోసారికి విసుక్కుంటూ బయటికి జరిగి ఎత్తితే ఆయన ఇల్లాలు సాయవ్వత్త గొంతు. "నర్సిం, మీ మామ పోయిండు" అన్నది. నేను, బుద్ధిలేనివాణ్ణి, "ఏడికి అత్తా?" అని అడిగాను. ఆమె ఏడుపు వినిపించాక గానీ నాకు అర్థం కాలేదు. పొద్దున చాయ్ తాగుతూ గుండె పట్టుకున్నారట, కప్పు కింద పెట్టే వ్యవధి కూడా లేకపోయిందట.

ఆయన నాకు చుట్టం కాదు. తొమ్మిదేళ్ళు ఆయన దగ్గర పని చేశాను. గోకుందలో అందరూ మామ అంటే నేనూ మామ అన్నాను. ఆ ఫోను వచ్చిన నాటి నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇప్పటికి ఆరుసార్లు కూర్చుని ఆరుసార్లు లేచాను. నేను మరాఠీ బడిలో చదివినవాణ్ణి, తెలుగు రాత మా నాయన ఇంట్లో నేర్పింది. అక్షర దోషాలుంటే పెద్దలు మన్నించాలి. ఒక్క దోషాన్ని మాత్రం మన్నించమని అడగను, దిద్దుకొమ్మని అడుగుతాను. గంగారాంకు చివరి ఏళ్ళలో చెయ్యి తప్పిందని, విఠల్ తెల్లకారు అందుకే ఆగమైందని మన ప్రాంతంలో ఒక మాట నిలిచిపోయింది. అది అబద్ధం. ఆ అబద్ధం ఎక్కడ పుట్టిందో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

ముందు ఆ మహానుభావుని విద్య సంగతి చెప్పాలి, లేకపోతే తక్కినది అర్థం కాదు. కొన్నేళ్ళుగా మన కుర్రవాళ్ళకు కార్లను ఎత్తు తగ్గించి నేలకు దించుకునే సరదా పట్టింది. పొట్టి స్ప్రింగులు వేస్తే కారు దిగుతుంది, నిజమే. కానీ వెనక చక్రాల దగ్గర, ఇరుసుకూ బాడీకీ నడుమ ఒక్కొక్క రబ్బరు దిమ్మ ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు ఇనుము ఇనుముకు కొట్టుకోకుండా ఆపేది అదే. మేం బంప్ రబ్బరు అంటాం. కారు దిగాక పాత పొడుగు రబ్బరునే ఉంచితే చిన్న రాయి తగిలినా నడుము మీద గుద్దినట్టుంటుంది. కాబట్టి కొత్త రబ్బరు వేసి, కొసన కొంత కోయాలి. తక్కువ కోస్తే గుద్దుడు పోదు. ఎక్కువ కోస్తే బండి నిండా మనుషులెక్కిన రోజు, కుదుపును మింగే షాకప్ పగులుతుంది, టైరు పైకి లేచి రేకుకు రాసుకుంటుంది. ఎంత కోయాలన్నదే అసలు విద్య. ఆ విద్య కోసం నాందేడ్ పట్నం నుంచి కూడా బండ్లు గోకుంద దాకా వచ్చేవి.

వచ్చిన కుర్రవాళ్ళను మామ తిట్టకుండా వదిలేవారు కాదు. "నేల మీద పాకాలనుంటే పామై పుట్టకపోతివి, బండెందుకు కొంటివి బిడ్డా?" అనేవారు. తిడుతూనే జాకీ పెట్టేవారు. శిథిలమైన పాత రబ్బరును వేళ్ళ మధ్య నలిపి, ఆ పొడిని యజమాని అరచేతిలో పోసి, "ఇగో, నీ సోకు" అని చూపించేవారు.

ఆయన కొలత పద్ధతి మరెక్కడా లేదు. సాయవ్వత్త కట్టే డబ్బాలో రొట్టెలతో పాటు రోజూ ఒక జొన్నపిండి ముద్ద, తడిబట్టలో చుట్టి, ఉండేది. కొత్త రబ్బరుకు మెట్లు మెట్లుగా ఉంగరాలుంటాయి. సబ్బునీళ్ళలో ముంచిన కత్తితో ఒకే ఒక్క ఉంగరం కోసి ఆగేవారు. ఆ పిండిముద్దను ఇరుసు మీద, బాడీకి ఎదురుగా అతికించేవారు. బండి నిండా మనుషుల్ని ఎక్కించి, రైల్వే గేటు దగ్గరి గతుకుల మీదుగా ఒక చక్కరు తిప్పి తెచ్చేవారు. ముద్ద ఎంత మందాన మిగిలితే అంత జాగా ఉన్నట్టు. బొటనవేలి మందానికి వచ్చిందంటే ఇక కత్తి ముట్టుకునేవారు కాదు. ఇంత తతంగం దేనికని ఒకసారి నేను, "గోధుమపిండి పెడ్తె కాదా మామా? పక్కన హోటల్లనే దొరుకుతది" అన్నాను.

"గోధుమపిండి సాగుడు పిండిరా. అణిగినంక మల్ల లేస్తది, లేని జాగ ఉన్నట్టు చూపిస్తది. జొన్నపిండి అణిగిందంటే అణిగిందే" అన్నారు.

ఎక్కించే మనుషులు కూడా ఎవరో ఒకరు కాదు, యజమాని ఇంటివాళ్ళే రావాలి. "మీ ఇంట్ల బరువున్న మనిషెవరు?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఒక బ్యాంకు గుమస్తా ఆ ప్రశ్నకు తబ్బిబ్బై చివరికి తన అత్తగారిని పట్టుకొచ్చాడు. ఆమె మొహం మాడ్చుకుని నిలబడింది. మామ కుర్చీ తెప్పించి, చాయ్ తెప్పించి, ఎంతో గౌరవంగా, "అవ్వా, నువ్వు ఎక్కితెనే కొలత. నువ్వు లేకుంటె నా పనంత ఖరాబ్" అన్నారు. ఆమె ఎక్కింది. ఎక్కి ఊరుకోక, తనకంటే తన చెల్లెలు లావని చెప్పి, ఆమెను కూడా కబురంపి పిలిపించింది. ఆ రోజు షెడ్డులో మేం నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. కానీ ఆయన దాన్ని వేళాకోళంగా చేసింది కాదు. "మన దిక్కు బండి కొన్నంక మాహూర్ గుట్ట మీది రేణుకమ్మ గుడికి పోకుంట ఉంటరా? పోతె ఒక్కడే పోతడా? ఖాళీ బండి అబద్ధమాడుతది బిడ్డా" అనేవారు.

ఇక విఠల్ కారు. ఇది రాయవలసి వచ్చేసరికి ఏడోసారి లేచి, వాకిట్లో నాలుగు అడుగులు వేసి వచ్చాను.

విఠల్ హిమాయత్‌నగర్ దగ్గరి పత్తి రైతు కొడుకు. తన తెల్లకారును దించుకుని, వెనక గుద్దుతోందని తెచ్చాడు. మామ చూసి, ఇంటిల్లిపాదినీ తీసుకొస్తేనే కోస్తానని చెప్పి, బండిని షెడ్డులోనే ఉంచుకున్నారు. మర్నాడు ఆయనకు దగ్గరి ఊళ్ళో ఒక దశదినకర్మకు పోవలసి వచ్చింది. "నేనచ్చేదాంక ముట్టకు" అని నాకు చెప్పి వెళ్ళారు. మధ్యాహ్నం విఠల్ ఫోను చేశాడు. తెల్లవారితే మాహూర్ ప్రయాణమని, సాయంత్రానికి బండి కావాలని ఒకటే తొందర. ఇంటివాళ్ళను తీసుకురమ్మంటే, పత్తి ఏరే రోజులు, ఎవరికీ తీరిక లేదన్నాడు. తొమ్మిదేళ్ళు చూసిన పని, నాకు రాదా అనుకున్నాను. అహంకారమంటే అదే కాబోలు. ఆ రోజు డబ్బా మామ వెంట పోయింది, జొన్నపిండి లేదు. హోటల్ నుంచి పూరీపిండి ముద్ద తెచ్చి అతికించాను. బండిలో నేనొక్కణ్ణే కూర్చుని గేటు దాకా పోయి వచ్చాను. ముద్ద రెండు వేళ్ళ మందాన నిక్షేపంగా ఉంది. ఇంకో ఉంగరం కోశాను. మళ్ళీ పోయి వచ్చాను, మళ్ళీ ఉంది. అలా రెండు వైపులా నాలుగేసి ఉంగరాలు కోశాను. రెండు చాలవలసిన చోట.

సాయంత్రం విఠల్ వచ్చాడు. తాళం చెవి అందుకుంటూ అడిగాడు: "మామనే కోసిండా, నువ్వా?"

"మామనే కోసిండు. పొద్దుగాల కోసి పోయిండు" అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు నాకు తెలుసు. నేనంటే నమ్మడని. రాత్రి మామ తిరిగి వచ్చి, బండి ఏదని అడిగితే, విఠల్ తొందరపడి అలాగే తీసుకుపోయాడని చెప్పాను. ఒకే పూటలో రెండు అబద్ధాలు.

మర్నాడు మాహూర్ ఘాట్‌లో, ఏడుగురు మనుషులతో, ఒక గుంతలో కారు కూలబడింది. వెనక షాకప్‌లు రెండూ పగిలాయి, రేకు టైరును చీల్చింది. విఠల్ నాయనమ్మకు నడుము పట్టేసి, ఆమె మూడు నెలలు మంచం దిగలేదు. బండిని లాగించుకు వచ్చి విఠల్ షెడ్డు ముందు నిలబడి అరిచిన అరుపులకు బజారంతా పోగైంది. "ముసలోనివైనవు, చెయ్యి వణుకుతున్నది, బస్ కర్ ఆతా, ఇగ చాలు!" అన్నాడు. మామ బండి కిందికి దూరారు. చాలాసేపు రాలేదు. బయటికి వచ్చినప్పుడు ఆయన వేళ్ళ మధ్య తెల్లటి మైదాలాంటి పిండి ముక్క ఒకటి ఉంది. దాన్ని నలిపి చూశారు, సాగింది. నా వంక చూశారు.

నేను నోరు తెరవవలసిన క్షణం అదే. చేతిలోని పానా వంక చూస్తూ నిలబడ్డాను. ఆయన ఇంకాసేపు ఆగారు. తరువాత విఠల్ వైపు తిరిగి, "అవు బిడ్డా, నేనే కోసిన. తప్పయింది" అన్నారు. వారం రోజులు కూర్చుని ఆ బండిని తిరిగి చేసి ఇచ్చారు. నాతో ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే, రెండు చెంపలూ వాయించి ఉంటే, నేను బాగుపడేవాణ్ణి.

నేను చేసింది ఏమిటంటే, మూడు నెలలకు హిమాయత్‌నగర్‌లో సొంత షెడ్డు పెట్టుకున్నాను. గోకుందకు పోయే బండ్లు నా దగ్గర ఆగసాగాయి. "ముసలాయన చెయ్యి తప్పిందట, నువ్వే చెయ్యి" అనేవారు. నేను చేసేవాణ్ణి. పాపం మామ, వయసైపోయింది అని నేనూ ఒకటి రెండుసార్లు అన్నట్టు గుర్తు. ఈ వాక్యం రాస్తుంటే ఒళ్ళు మండుతోంది, నా మీద నాకే.

సంతాపసభలో స్పేర్‌పార్టుల దుకాణదారు ఒకాయన, "ఆఖరుకు చెయ్యి తప్పింది గాని, గంగారాం అసుంటి మనిషి పుట్టడు" అన్నాడు. తరువాత మాట్లాడవలసింది నేను. లేచాను. గురుదేవులని, కర్మయోగి అని, నాకు తెలిసిన పెద్ద మాటలన్నీ చెప్పి చప్పట్ల మధ్య కూర్చున్నాను. ఆ చప్పట్లే నన్ను నిద్రపోనివ్వలేదు.

మొన్న గోకుందకు పోయి సాయవ్వత్త ముందు కూర్చుని అంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది, చేట ఆపలేదు.

"నాకెర్కే" అన్నది.

"మామ చెప్పిండా?"

"ఆ దినమే చెప్పిండు. వాని నోటికెల్లి రావాలె, నేను రప్పిస్తె అదేం లాభమన్నడు. గందుకే గదరా వారం వారం నీ కాడికి అచ్చింది. లేకుంటె హిమాయత్‌నగర్ల ఆయనకేం పని?"

ఆమె చేట కింద పెట్టి, అప్పుడు కోపంగా చూసింది. "ఇప్పుడు నాకు చెప్పి ఏం జేస్తవు? సభల నిలవడి గన్ని మాటలు చెప్పినవు, గీ ఒక్క మాట చెప్పకపోతివి. చెప్పేదుంటె ఊరోళ్ళకు చెప్పు పో."

అందుకే రాస్తున్నాను. విఠల్‌కూ, ఆ నాయనమ్మకూ, నా దగ్గరికి వచ్చిన ప్రతి బండి యజమానికీ: ఆ రబ్బరు కోసింది నేను. ఆ నిష్కళంక హస్తం ఏనాడూ తప్పలేదు. అటువంటి పనివాడు, అటువంటి మనిషి మళ్ళీ మనకు దొరకడు.

సంత రోజున హిమాయత్‌నగర్ వచ్చినప్పుడల్లా ఆయన బస్సు దిగి నేరుగా నా షెడ్డుకే వచ్చేవారు. టైరు మీద కూర్చుని చాయ్ తాగేవారు. పోయే ముందు, భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ, "ఇంకేమన్న ఉన్నదా నర్సిం?" అని అడిగేవారు. పనుల సంగతి అడుగుతున్నారనుకునేవాణ్ణి. అయిదేళ్ళు అడిగారు. చనిపోయే ముందు వారం కూడా వచ్చి అడిగారు. బండి కింద నుంచి తల కూడా బయటపెట్టకుండా, "ఏం లేదు మామా" అన్నాను.