సందులో రెండడుగులు

నాయుడుపేటలో మా సందు మొదట్లో ఉన్న పాత పెంకుటిల్లు కొట్టేసి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కడుతున్నారు. ఈ రోజు పొద్దున ప్రహరీ కోసం సున్నంతో గీత గీశారు. ఆ గీత సందులోకి వచ్చేసింది. అక్కడ గోడ లేస్తే లోపలున్న మా ఆరిళ్లకు అంబులెన్సు రాలేదు.

మా పక్కింటి మేరీ అక్క టైలరు. కుట్టుమిషన్ ఆపి, మెడలో టేపుతోనే వచ్చి సందు కొలిచింది. రెండో కొస నేను పట్టుకున్నాను; టేపు చాలక ముందుకు జరిపి మళ్లీ కొలిచింది. మా దస్తావేజులో ఎనిమిదడుగులని ఉంది. మిగిలింది ఆరే.

అక్కడ పని చేయిస్తున్న సూపర్‌వైజర్ నవ్వాడు. "అది జాకెట్లు కొలిచే టేపు కదమ్మా."

"జాకెట్టుకైనా గోడకైనా అడుగు అడుగే గదా సార్. నమ్మకం లేకుంటే మీ టేపు తెచ్చి కొలుచుకోండి," అంది అక్క.

ఆయన ఇనుప టేపు తెచ్చి కొలిచాడు. ఆరే వచ్చింది. నేను తెచ్చి చూపించిన మా దస్తావేజు రెండుసార్లు చదివి, బిల్డరుకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. మధ్యాహ్నానికి గీత చెరిపించి, రెండడుగులు వెనక్కి వేయించాడు.

ఇన్నాళ్లూ బిల్డర్లతో మనకెందుకులే అని ఊరుకునేవాణ్ణి. ఈ సాయంత్రం మాత్రం పనేమీ లేకపోయినా ఆ సందులో నాలుగుసార్లు బండి తిప్పాను. మీ వీధిలోనూ అపార్ట్‌మెంట్ లేస్తుంటే, ఎవరైనా టేపు పట్టుకుని వెళ్లారా?