డెసిషన్ మేకింగ్ మేడం, మూడు ఆటోలు

మొన్న నా ఉద్యోగం సంగతి ఏమైందో చెప్త, నవ్వొద్దు. సరే, నవ్వుండ్రి. మా కాలేజీ మొత్తం ఎట్లాగూ నవ్వింది!

నేను వనస్థలిపురంల ఒక డిగ్రీ కాలేజీల గెస్ట్ లెక్చరర్ని. చెప్పేదేందో తెల్సా? డెసిషన్ మేకింగ్! "ఆప్షన్లు రాయిండ్రి, మార్కులెయ్యిండ్రి, ఎక్కువొచ్చింది పట్టుకోండ్రి, మళ్ల మార్చకుండ్రి" అని పిల్లల చెవులల్ల ఇల్లు కట్టుకొని చెప్త. మొన్న పదింటికి ప్రిన్సిపాల్ సారు నా క్లాసుల కూసుంటనన్నడు. నచ్చితే పర్మినెంట్. ఆరేండ్లసంది గా మాట కోసమే సూస్తున్న!

తొమ్మిదింటికే దిల్‌సుఖ్‌నగర్ల నిలబడ్డ. మెట్రోనా, షేర్ ఆటోనా? నోట్‌బుక్ తీసి టేబుల్ గీసిన. మెట్రోకు ఏడు, ఆటోకు ఎనిమిది. మెట్రో అయితే ఎల్‌బీ నగర్ల దిగి మళ్ల ఆటో ఎక్కాలె గదా!

ఎక్కిన. "ఒక్క సీటు నిండితే పోతం మేడం" అన్నడు డ్రైవరు. పావుగంటైనా ఆ ఒక్క సీటు నిండలే. ఎనక ఆటోల జనం ఎక్కువ కనపడ్డరు. దిగి, దాంట్ల కూసున్న. నేను దిగుడే ఆలస్యం, ఇద్దరు ఉరికొచ్చి మొదటి ఆటో ఎక్కిండ్రు. అది పోనే పోయింది! నాకు ఒళ్లు మండింది. ఈ ఆటో ఆయనేమో చాయ్ తాగనీకి పోయిండు. ఇగ మూడోదాంట్లకు మారిన. అంతల చాయ్ ఆయన ఒచ్చిండు, నేను దిగిన సీట్లనే మా స్టూడెంట్ స్వప్న ఎక్కింది, మొదటి ఆటోసంది అంతా సూసుకుంట ఆడనే నిలబడ్డదట. "మేడం, ఒస్తలేరా?" అన్నది.

"నువ్ పో బిడ్డా, నేను ఆలోచిస్తున్న!" అన్న. సిగ్గన్నా ఉండాలె నాకు!

మూడో ఆటో నిండేసరికే పది దాటింది, నేను చేరేసరికి పది నలభై. క్లాసుల స్వప్న బోర్డు మీద మూడు ఆటోలు గీసి పాఠం చెప్తున్నది. "మేడం దిగిన ప్రతి ఆటో మేడం కంటే ముందే పోయింది. కాబట్టి ఫ్రెండ్స్, ఎక్కినంక దిగొద్దు." పిల్లలు బుద్ధిగ రాసుకుంటున్నరు. నేను చెప్పినప్పుడు ఒక్కరన్నా పెన్ను తీసిండ్రా!

ప్రిన్సిపాల్ సారుది కాకినాడ, మాట మెత్తగనే ఉంటది. "ఆ అమ్మాయి చక్కగా చెబుతోందండీ. పోనీలెండి మేడం, మీ క్లాసు ఇప్పుడు చూడమంటారా, రేపు పెట్టుకుందామా? ఒక్క మాట చెప్పండి చాలు."

క్లాసంతా నా దిక్కే సూస్తున్నది. నా నోరు ఊకుంటదా!

"జర ఆలోచించి చెప్త సార్."

సారు పెన్నుకు మూతపెట్టి లేచిండు. ఆయనకు టేబుల్ గీసే అవసరం గూడ రాలే!