మెషిన్ ఆపించిన డాక్టరమ్మ

మా ఆయనకు కరెంటు పెట్టిన డాక్టరమ్మ పోయిందట. మొన్న ఏడాది పరీక్షకని పంజాగుట్ట ఆసుపత్రికి వెళ్తే చెప్పారు. ఆయన గోడకానుకుని నిలబడిపోయారు. నాకు చదువు రాదు, చెప్పి రాయిస్తున్నాను.

ఆయన అమీర్‌పేటలో దర్జీ. కంప్యూటర్ కోర్సుల పిల్లలు ఇంటర్వ్యూ ప్యాంట్లు ఆయన దగ్గరే కుట్టించుకునేవారు. ప్రోస్టేట్ క్యాన్సరని ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశారు. కొన్నాళ్లకు రక్తపరీక్షలో జబ్బు మళ్లీ తలెత్తింది. గ్రంథి ఉన్న చోట కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలన్నారు. రోజూ నీళ్లు తాగి, మూత్రసంచి నింపుకుని రావాలి. అది నిండితే పేగులు పైకి జరిగి, కరెంటు పడాల్సిన చోటే పడుతుందట.

ఒకనాడు ఆయన్ని మెషిన్ బల్ల మీద పడుకోబెట్టి కడుపు లోపలి ఫోటో తీశారు. అది చూసి డాక్టరమ్మ మెషిన్ ఆపించింది.

"నీళ్లు తాగారా బాబాయ్ గారూ?"

"మస్తు తాగిన మేడం."

"మరి ఎక్కడికెళ్లాయి? సంచి ఖాళీగా ఉందేంటి?"

నేను తగులుకున్నాను. "షాపు బంద్ పెట్టుకొని వచ్చినం డాక్టరమ్మా. జర అటో ఇటో, పెట్టేయరాదు?"

"అటో ఇటో అయితే పేగు కాలుతుంది, జబ్బు మిగులుతుంది. గుడ్డ మీద దిగాల్సిన సూది వేలి మీద దిగితే ప్యాంటు కుట్టినట్టా పిన్నిగారూ?"

నా నోరు మూయించిన మనిషి ఆమె ఒక్కతే.

అప్పుడాయన తలొంచుకుని అన్నారు. "ఆపరేషన్ అయినకాడికెల్లి ఆగుత లేదు మేడం. ట్రాఫిక్‌ల బస్సు ఆగితే, అందరి ముంగట తడిసిపోతే ఎట్ల? అందుకే తాగలే."

నాకు కూడా చెప్పని మాట అది. ఆమె కోప్పడలేదు. "ఇంట్లో తాగకండి. ఇక్కడికొచ్చి తాగండి. మీ నంబరు వెనక్కి జరుపుతాను" అంది. మర్నాటి నుంచి బాత్రూం పక్క కుర్చీ ఆయనదే. సంచి నిండేదాకా అటుగా వచ్చినప్పుడల్లా పలకరించేది. "సిగ్గుపడండి, తప్పులేదు. నాకు చెప్పి సిగ్గుపడండి" అనేది. తీరిక లేక ఇడ్లీ కూడా నిలబడే తినే మనిషి ఆమె.

ఏళ్లు గడిచాయి. మొన్నటి పరీక్షలోనూ జబ్బు జాడ లేదు. పేగులు భద్రం. మీ ఇంట్లో మగవాళ్లు ఇలాంటివి దాస్తే ఊరుకోకండి, గల్లా పట్టుకుని అడగండి.

కరెంటు పెట్టడం అయిపోయిన రోజు ఆమె మాతో గేటు దాకా వచ్చింది. కార్లు, కంపెనీ బస్సులు హారన్లు కొడుతుంటే తెల్లకోటుతోనే రోడ్డు మీదికి దిగి, చెయ్యెత్తి మాకోసం ఆటో ఆపింది. ఆయన నిమ్మళంగా ఎక్కి సర్దుకుని కూర్చునేదాకా ఆ చెయ్యి దించలేదు.