డబ్బాలో వేరుశనక్కాయలు

నాయన పాత కారును మా ఇంటి ముందు రేకుల కొట్టంలో పూర్తిగా విప్పి మళ్లీ బిగిద్దామని పట్టుబట్టింది నేనే. ఒకప్పుడు ఆయన దాన్ని అనంతపురం, గుంతకల్లు మధ్య బాడుగకు తిప్పేవాడు. మోకాళ్లు మొరాయించాక మూలన పడేశాడు. నేను ఊళ్లో కుట్టు మిషన్లు బాగుచేసి బతుకుతున్నదాన్ని. ఇనుము సంగతి నాకెవరూ నేర్పక్కర్లేదని నా గీర.

పద్ధతి మాత్రం ఆయనదే. నట్లు వదులు కాకుండా అడ్డంగా గుచ్చే చిన్న పిన్నులుంటాయి. తుప్పు పట్టిన పాత పిన్ను తీసి పారేసినప్పుడల్లా ఆయన ఒక రేకు డబ్బాలో వేరుశనక్కాయ వేసేవాడు. తిరిగి బిగించేటప్పుడు నేను కొత్త పిన్ను గుచ్చి కారు కిందనుంచి "ఏసినా" అని అరిస్తే ఒక కాయ బయటికి తీసేవాడు. డబ్బా ఖాళీ అయితే పిన్నులన్నీ పడినట్టు.

"ఫోనులో ఫొటోలు తీసుకుందాం నాయనా" అన్నాను.

"ఫోను చచ్చిపోతే యాడ చూస్తావు?" అన్నాడు.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. ఎర్రదుమ్ము లేచి గ్రీజుకు అంటుకునేది. నాయన స్టూలు మీద కూర్చుని నేను చేసే ప్రతి పనికీ వంక పెట్టేవాడు. "మెల్లగమ్మా. కుట్టు మిషను గాదు అది, మనుషులు కూచునేది" అన్నాడొకరోజు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లగానే డబ్బాలో చెయ్యి పెట్టి కాయలు ఒలుచుకుని తిన్నాను. కోపం వస్తే నా చేతికీ నోటికీ ఏదో ఒక పని ఉండాలి. తొక్కలు దుమ్ములో పడ్డాక గానీ ఏం తిన్నానో తట్టలేదు. రెండా? మూడా?

అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఆయనన్న మాట నిజమైపోతుందని నోరు మూసుకున్నాను. ఇంట్లో కాయలకు కరువు లేదు, కానీ ఎన్ని వేయాలో తెలిస్తే కదా! తక్కువైతే పిన్నులన్నీ పడకముందే డబ్బా ఖాళీ అవుతుంది. ఎక్కువ వేస్తే, లేని పిన్ను కోసం కారంతా వెతికిస్తాడు. తర్వాత నేనే కింద దూరి చూసుకుంటాలే అనుకున్నాను. రేపు, ఎల్లుండి అంటూ అది వాయిదా పడింది.

డబ్బా ఖాళీ అయ్యాక, ఆయన ఎక్కడానికి వీలుగా సీటు ఎత్తు పెంచాం. కాలు అందేలా బ్రేకు పెడల్‌కు చెక్క బిగించాం. ధర్మవరం మగ్గాల దగ్గర మిగిలిన పట్టుముక్కలతో అమ్మ సీట్లకు కవర్లు కుట్టింది. చూడ్డానికి ఎవరొచ్చినా నాయన డబ్బా బోర్లించి చూపించేవాడు. "సూడన్నా, ఒక్క కాయ లేదు. అంతా మా పాపే బిగించింది" అని మురిసిపోయేవాడు. అది విన్నప్పుడల్లా నేను ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోయేదాన్ని.

మొదటి ప్రయాణం గోరంట్లలో ఉన్న మా అత్త ఇంటికి. చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. అమ్మ కొత్త చీరలో వెనక కూర్చుంది. నేను నాయన పక్కన.

ఊరు దాటాక కిందనుంచి టక్‌మని చప్పుడు. "రాయి తగిలిందిలే" అన్నాడు. కాసేపటికి మళ్లీ అదే. స్టీరింగు ఆయన చేతుల్లో కొద్దిగా వణికింది. ముందు దిగుడు, వంకర్లు, ఎదురుగా లారీలు. ఆయన ఈల వేసుకుంటూ నడుపుతున్నాడు.

"నాయనా, ఆపు! డబ్బాలో కాయలు నేను తిన్నా!"

బండి పక్కకు తీసి ఆపాడు. ఇంజను కట్టేశాడు.

"ఎన్ని?"

"తెలీదు. కొట్టంలో పని చేసేటప్పుడే తిన్నా."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీయమ్మను ఎక్కించుకుంటాంటే గూడా నోరు తెరవలేదే నువ్వు" అన్నాడు మెల్లగా.

దిగి వెనక తలుపు తీశాడు. అమ్మ చెయ్యి పట్టుకుని దింపాడు. ఇద్దరూ ఎండలో ఊరివైపు నడిచారు. ఆయన కుంటుతున్నాడు, అమ్మ భుజం ఆసరా చేసుకున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

నేను రోడ్డు పక్కన వెల్లకిలా పడుకుని కారు కిందకి జరిగాను. ముందు ఎడమ చక్రాన్ని స్టీరింగుకు కలిపే కడ్డీ చివర పిన్ను లేదు. అక్కడి నట్టు, వేలితో తిప్పితే తిరిగింది.