కోచ్ పేరు మీద గెలిచిన కప్పు

మా కబడ్డీ కోచ్ పోయాడని రాబిగ్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను రియాద్‌లో బతా బజారు మెస్సు ముందు నిలబడి టీ తాగుతున్నాను. అక్కడి రిఫైనరీలో పని ఉందని ట్రైలర్ తోలుకుని వెళ్లిన మనిషి. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఆ టీ గ్లాసు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు.

వయసులో ఉన్నప్పుడు ఆయన మా కడప జిల్లా జట్టులో పేరున్న ఆటగాడు. రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలో కూతకొచ్చినవాడి వేలు ఈయన భుజానికి తగిలింది. ఎవరూ చూడలేదు. ఈయనే చెయ్యెత్తి బయటికొచ్చాడు. జట్టు ఓడింది, ఎంపికా పోయింది. తర్వాత మోకాలు చెడి, హెవీ డ్రైవరుగా రియాద్ చేరాడు.

"బాధ కాలేదా అన్నా?" అని అడిగితే నవ్వేవాడు. "కాకుండా ఉంటాదా? బాగా ఏడ్చినా. తగిలిందని నాకే తెలిసినాక రిఫరీకి ఏంటికిరా పని చెప్పేది?"

శుక్రవారం సాయంత్రాలు మలాజ్ కాలనీ అవతల ఖాళీ జాగాలో రాళ్లేరి, గీతలు గీసి మాకు ఆట నేర్పాడు. ఎవడైనా ఆయాసపడితే, "ఏందిరా, కూత పెడ్తాండావా, బిర్యానీ అరగక మూలుగుతాండావా?" అని ఆటపట్టించేవాడు. పట్టు పట్టి పడేసినవాణ్ణి మనమే లేపి ఇసుక దులపాలి, ఆ తర్వాతే పాయింటు అడగాలి అనేవాడు. మా ఆటలకు రిఫరీ అంటే ఆ రోజు ఖాళీగా దొరికినవాడే. అందుకని తగిలినవాడే చెయ్యెత్తాలని పద్ధతి పెట్టాడు.

ఆయన్ని ఊరికి పంపించాక, ఆయన పేరు మీద ఒక కప్పు పెట్టి నెల్లూరు వాళ్ల జట్టుతో పోటీ పెట్టుకున్నాం. చివరి కూతకి మేం ఒక పాయింటు ముందున్నాం. కూతకొచ్చిన వాళ్ల కుర్రోడు వెనక్కి మళ్లుతూ కాలు విసిరాడు. మడమ నా మోకాలికి తగిలింది.

"తగిలింది, ఆ అన్ననే అడగండి" అన్నాడు వాడు.

రిఫరీ నా వైపు తిరిగాడు. ఒప్పుకుంటే ఓడిపోయేవాళ్లం కూడా కాదు, సమమయ్యేది, అంతే. నేను తల అడ్డంగా ఊపాను. ఛీ, ఎవరి పేరు మీద ఆడుతూ ఎంత పని చేశాను!

వాడు గొడవ పెట్టుకోలేదు. "సరేలే అన్నా, మీ కోచ్ కోసమే అనుకుంటాం" అని నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లాడు. తిట్టినా బాగుండేది. మావాళ్లు నన్ను భుజాల మీదికెత్తుకున్నారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మర్నాడు వదిన వీడియో కాల్ చేసింది. కోచ్ భార్య. "కప్పు గెలిచినారంట కదా అబ్బీ! మీయన్న ఉండింటే ఎంత సంబరపడేటోడో. లీవుకొచ్చేటోళ్ల చేతికిచ్చి పంపీ. చూడు, యాడ పెట్టాలో చోటు కూడా చేసినా" అంటూ ఫోన్ తిప్పింది. గోడకున్న అరలో ఆయన ఫోటో. పక్కన సామానంతా తీసేసి, కొత్త గుడ్డ పరిచింది.

"వదినా, అది మేం గెల్చింది కాదు. నాకు తగిలింది, తగల్లేదని నేనే అబద్ధమాడినా" అన్నాను.

ఆమె ఫోను పెట్టేయలేదు. తన వైపు తిప్పుకోవడం కూడా మరిచిపోయినట్టుంది. గుడ్డ పరిచిన ఆ ఖాళీ చోటే చాలాసేపు నాకు కనబడుతూ ఉంది.