ఒక సీసా బోరు నీళ్ళు

మా ఆయన పోయాక, దేవరాపల్లి దగ్గరున్న చెరకు పొలం అమ్మగా వచ్చిన సొమ్మే నాకు ఆధారం. దాంతో అనకాపల్లిలో రెండు వాటాల ఇల్లొకటి కొని అద్దెకిస్తే, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతకొచ్చనుకున్నాను. తప్పు ఇల్లు కొన్నానంటే మళ్ళీ కొనేందుకు ఏమీ మిగలదు.

ఇళ్ళు చూపించే బ్రోకరు మా ఆయనకి తమ్ముడి వరస. అతను చూపించినది తూర్పు గుమ్మం, కొత్తగా రంగులేసిన ఇల్లు. ఒక వాటాలో అద్దెకున్నారు, రెండోది ఖాళీ.

నేను బడికి వెళ్ళలేదు. చదువూ లెక్కలూ ఇంట్లో అమ్మే నేర్పింది. కొత్త ఇంటికి మారేముందు అక్కడి నీళ్ళతో కందిపప్పు ఉడికించి చూడమనేది. ఉప్పునీళ్ళయితే పప్పు ఉడకదు. పప్పు ఉడకని ఇంట్లో ఎవరూ నిలవరు. అందుకే బోరు నీళ్ళు సీసాలో పట్టుకున్నాను.

"ఏటొదినా, తీర్థమా? మాకూ కూసింత పొయ్యి," అని నవ్వాడు బ్రోకరు.

పప్పు వెన్నలా ఉడికింది. దేవుడికి దణ్ణం పెట్టుకుని, శుక్రవారం అడ్వాన్సు ఇస్తానని కబురు చేశాను.

శుక్రవారం పొద్దున్న దీపం పెట్టి, సీసాలో మిగిలిన నీళ్ళు తులసికి పోయబోతూ ఆగిపోయాను. అమ్మ గిన్నెలో ఉడికించేది. నేను కుక్కరులో పెట్టాను. కుక్కరు ఏ నీళ్ళతోనైనా పప్పును మెత్తబరిచేస్తుంది.

ఆయన ఉన్నప్పుడు నేనూ గిన్నెలోనే వండేదాన్ని. వంటింటి గడప దగ్గర పీట వేసుకుని, పప్పు ఉడికేదాకా కబుర్లు చెప్పేవారు. తర్వాత ఆ గిన్నె ముందు ఒక్కదాన్నీ నిలబడలేక కుక్కరు కొనుక్కున్నాను. విజిల్ వస్తే ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది.

ఆ కాసిన్ని నీళ్ళతో గిన్నె పెట్టాను. గంట దాటినా పప్పు పలుకు పలుకుగానే ఉంది.

నేరుగా ఆ ఇంటికి వెళ్ళి, అద్దెకున్న అమ్మాయిని అడిగాను. "నిజం సెప్పు తల్లీ, నీలెలాగున్నాయి?"

ఆమె వీధి వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఉప్పమ్మా. వంటకి ఈది కుళాయికాడ్నించి మోసుకొత్తన్నాం. పక్కోటాలో ఏడాదికి ముగ్గురు మారేరు. మేవూ ఏరే ఇల్లు సూసుకుంటన్నాం."

అంతలో బ్రోకరు వచ్చాడు. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "పప్పుడకలేదని ఇల్లొగ్గేత్తావేటొదినా? నలుగురికి సెప్తే నవ్వుతారు!"

"నవ్వనీ నాయనా. మీ అన్న పోయాక ఖాళీ ఇల్లు నాకు ఒకటుంది. ఇంకోటి కొనుక్కోలేను," అన్నాను.

ఇంటికొచ్చాక ఆ పప్పు పారబోయడానికి చేతులు రాలేదు. ఉప్పూ చింతపండూ వేసుకుని నమిలి తిన్నాను. సీసా అడుగున ఆ కాసిన్ని నీళ్ళు మిగిల్చి ఉంచాడు భగవంతుడు, చాలు.

నిన్న సబ్బవరం రోడ్డులో ఇంకో ఇల్లు చూసి, సీసా నింపుకొచ్చాను. పప్పు గిన్నెలోనే పెట్టాను. గడప దగ్గర ఆయన పీట మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందాక లేచి ఒక బద్ద నొక్కి చూశాను. ఇంకా కాస్త పలుకుంది.